పప్పు ఉడకని నీళ్ళు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఈ శీర్షిక చివర్లో "ఉగాది దాటాక మీ ఇంట్లో నీళ్ళెలా ఉన్నాయి?" అని ఒక్క ముక్క అడిగాను. ఉత్తరాలూ వాట్సాప్ సందేశాలూ కలిపి కుప్పపడ్డాయి. సగానికి పైగా కూకట్‌పల్లి, ప్రగతినగర్, నిజాంపేట, బాచుపల్లి, మియాపూర్ వైపు నుంచే. నేనూ ఆ పక్కనే ఉంటాను కాబట్టి ఆశ్చర్యపోలేదు. జూనియర్ కాలేజీలో ఇరవయ్యేడేళ్ళు కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. కఠిన జలానికి (కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా కరిగిన నీళ్ళకి) నిర్వచనం ఎన్ని వందల మంది పిల్లల చేత బట్టీ పట్టించానో లెక్కలేదు. మా ఇంట్లో గీజర్ చచ్చిపోయేదాకా ఆ పాఠం మా బాత్‌రూమ్ గురించేనని మాత్రం నాకు తట్టలేదు.

ఒకే రకం ప్రశ్నలు చాలా వచ్చాయి కాబట్టి వాటిలో కొన్ని ఏరి జవాబులిస్తున్నాను.

ప్రశ్న: మేడమ్ గారూ, మాది రాజమండ్రి. మావారి ఉద్యోగం కోసం జనవరిలో ఇక్కడికి వచ్చాం. అక్కడ మూడు కూతలకు వెన్నలా ఉడికే కందిపప్పు ఇక్కడ ఆరు కూతలు వచ్చినా పలుకు పలుకుగానే ఉంటోంది. కుక్కర్ గాస్కెట్ మార్చాను, కొట్టు మార్చాను, పప్పూ మార్చాను. "హైదరాబాద్ వచ్చి వంట మర్చిపోయావు" అంటున్నారు మా అత్తగారు. తప్పు నాదా, నీళ్ళదా?
– ఓ గృహిణి, ప్రగతినగర్

జవాబు: నీళ్ళదేనమ్మా. ఈ పేజీ మీ అత్తగారికి చదివి వినిపించండి.

రాజమండ్రిలో మీరు తాగింది గోదావరి నీళ్ళు. అవి నేల మీద పారిన నీళ్ళు, రాళ్ళ మధ్య ఏళ్ళ తరబడి నిలవున్నవి కావు. ఇక్కడ మీ కుళాయిలో (మా పక్కింటావిడ నల్లా అంటుంది, మాది గుంటూరు కాబట్టి నాకు కుళాయే) వచ్చేది ఒక నీరు కాదు, మూడు. రోజు విడిచి రోజు వచ్చే మంజీరా నీళ్ళు, మీ అపార్ట్‌మెంట్ బోరు నీళ్ళు, అవి చాలకపోతే తెప్పించే ట్యాంకర్ నీళ్ళు. ప్రైవేటు ట్యాంకర్‌లో వచ్చేది కూడా మరెక్కడిదో బోరు నీళ్ళే. మూడూ ఒకే సంపులో కలిసి పైకెక్కుతాయి. చలికాలంలో మంజీరా పాలు ఎక్కువ. ఎండలు ముదిరేకొద్దీ బోరు పాలు పెరుగుతుంది. మీరు జనవరిలో వచ్చారు. ఫిబ్రవరిలో ఓ మాదిరిగా ఉడికిన పప్పు ఏప్రిల్‌కి మొండికేసి ఉండాలి. అవునో కాదో గుర్తు తెచ్చుకోండి.

హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైట్ రాతి నేల. వాననీరు మట్టిలోంచి దిగేటప్పుడు అక్కడి బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కాస్త పులుపెక్కుతుంది. ఆ పులుపు రాతిలోని కాల్షియంనీ మెగ్నీషియంనీ మెల్లగా కరిగిస్తుంది. మన మట్టిలో అక్కడక్కడా సున్నపు గులకలు కూడా ఉంటాయి, వాటి వంతు వాటిది. ఒకప్పుడు నూరు, నూటయాభై అడుగులకు పడిన నీళ్ళ కోసం ఇప్పుడు వెయ్యి అడుగులు తవ్విస్తున్నాం. అంత లోతున రాతి పగుళ్ళలో ఎన్నేళ్ళుగానో నిలిచిన నీరు ఎంత సున్నం (ఈ కాల్షియం, మెగ్నీషియం లవణాలనే ఇక్కడ సున్నం అంటున్నాను) కరిగించుకుని ఉంటుందో ఊహించుకోండి.

ఇక పప్పు విషయం. గింజలో కణాలను ఒకదానికొకటి అంటించి ఉంచే జిగురు ఒకటుంది, పెక్టిన్ అంటారు. ఉడకడమంటే ఆ జిగురు కరిగి కణాలు విడిపోవడమే. నీళ్ళలో కాల్షియం ఉంటే అది వెళ్ళి పెక్టిన్‌ను పట్టుకుని కరగని ముద్దగా బిగించేస్తుంది. ఇంకో అరగంట మంట వృథా చేసినా ఆ బిగువు పూర్తిగా వదలదు.

చేయాల్సింది ఇది. పప్పు నానబెట్టడానికీ ఉడకబెట్టడానికీ మీరు తాగే నీళ్ళే వాడండి. లీటరుతో పోతుంది. అలా కుదరకపోతే రాత్రి ఒక గిన్నెడు నీళ్ళు పది నిమిషాలు బాగా మరిగించి మూతపెట్టండి. పొద్దున పైతేట వంపుకుంటే అడుగున తెల్లటి మడ్డి మిగులుతుంది. ఆ మేరకు సున్నం దిగిపోయినట్టే. కాకపోతే మరిగిస్తే పోయేది బైకార్బనేట్ రూపంలో ఉన్న భాగమే, సల్ఫేట్లూ క్లోరైడ్లూ కదలవు. చిటికెడు వంటసోడా వేసినా పప్పు లొంగుతుంది. ఎక్కువేస్తే రుచి చెడుతుంది, బి1 విటమిన్ కూడా పోతుంది. చింతపండు పులుసు మాత్రం పప్పు పూర్తిగా మెత్తబడ్డాకే పోయండి, పులుపు ఆ జిగురును కరగనివ్వదు. ఉప్పు ముందే వేస్తే పప్పు ఉడకదని మా అమ్మ కూడా అనేది. ఆ మాట నిజం కాదు. నానబెట్టే నీళ్ళలో కాస్త ఉప్పు వేస్తే అందులోని సోడియం కాల్షియంను కొంత పక్కకు నెడుతుంది. ఈ సంగతి అమ్మకి చెబితే "నీ కాలేజీలో పప్పు కూడా వండుతారేమిటే?" అంది.

రుజువు కావాలంటే ఒకే డబ్బాలోని పప్పును ఒక గిన్నెలో తాగే నీళ్ళతో, ఇంకో గిన్నెలో కుళాయి నీళ్ళతో, ఒకే కుక్కర్‌లో పెట్టండి. రెండూ ఉడకకపోతే పప్పే పాతది. ఒకటే ఉడికితే గెలుపు మీది.

ప్రశ్న: మాది 40 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. నేను అసోసియేషన్ కార్యదర్శిని (ఈ మాట రాస్తుంటేనే నీరసం వస్తోంది). లక్షలు పోసి వాటర్ సాఫ్ట్‌నర్ పెట్టించాం. మూడో అంతస్తు ఆయన టీడీఎస్ మీటర్ కొనుక్కొచ్చి, సాఫ్ట్‌నర్‌కి ముందూ 1100, తర్వాతా 1100 చూపిస్తోందని గ్రూపులో ఫొటోలు పెట్టి, నేను కమీషన్ తిన్నానంటున్నారు. కంపెనీ వాళ్ళు బాగానే పనిచేస్తోందంటున్నారు. ఎవరిని నమ్మాలి? పైగా ఉప్పు బస్తాల ఖర్చు చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి.
– ఓ కార్యదర్శి, నిజాంపేట

జవాబు: మీటర్ తప్పు చెప్పలేదు, సాఫ్ట్‌నర్ కూడా తప్పు చేసి ఉండకపోవచ్చు. మీ మూడో అంతస్తు ఆయన జ్వరం చూడ్డానికి తూకం యంత్రం తెచ్చారు, అంతే.

టీడీఎస్ అంటే నీళ్ళలో కరిగిన లవణాలన్నీ కలిపి. అందులో మామూలు ఉప్పూ ఉంటుంది, సున్నమూ ఉంటుంది. మీటర్ నీళ్ళలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో చూసి ఓ అంకె చూపిస్తుంది. ఏ లవణం ఎంతుందో దానికి తెలియదు. కఠినత్వం అంటే కాల్షియం, మెగ్నీషియం మాత్రమే. సాఫ్ట్‌నర్ లోపల చిన్న చిన్న పూసల్లాంటి రెజిన్ ఉంటుంది. ఆ పూసలు కాల్షియంను పట్టుకుని బదులుగా సోడియంను వదులుతాయి. అంటే అది లవణాన్ని తీసెయ్యదు, ఒకదాన్నిచ్చి ఒకదాన్ని పుచ్చుకుంటుంది. అలాంటప్పుడు టీడీఎస్ ఎందుకు తగ్గుతుంది?

మీక్కావలసింది కఠినత్వం కొలిచే డ్రాప్ కిట్. గొట్టంలో కొలిచిన నీళ్ళు తీసుకుని సూచిక కలిపితే నేరేడుపండు మరక రంగు వస్తుంది. సీసాలోని ద్రావణాన్ని చుక్కచుక్కగా వేస్తూ ఉంటే ఒక్కసారిగా నీలిమందు రంగుకి మారుతుంది. ఎన్ని చుక్కలు పట్టాయో దాన్నిబట్టి లెక్క. ప్రాక్టికల్ పరీక్షల్లో మా పిల్లల చేత చేయించిన ఈడీటీఏ టైట్రేషన్ ఇదే. ఆదివారం పొద్దున అందరినీ పంపు గది దగ్గరికి పిలిచి, ముందు నీళ్ళూ తర్వాత నీళ్ళూ పక్కపక్కనే పెట్టి చుక్కలు వెయ్యండి. కమీషన్ మాట అక్కడే తేలిపోతుంది. కాగితం మీద కావాలంటే నారాయణగూడలో ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థ ఉంది, నీళ్ళు పరీక్ష చేస్తారు. కుళాయి రెండు మూడు నిమిషాలు వదిలేశాక, అవే నీళ్ళతో సీసా రెండుసార్లు తొలిచి పట్టుకెళ్ళండి.

భారతీయ ప్రమాణాల సంస్థ తాగునీటి ప్రమాణం ప్రకారం (ఐఎస్ 10500, 2012) మొత్తం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీళ్ళు దొరకనిచోట 600 దాకా ఒప్పుకోవచ్చు. మా ఇంటి బోరు పోయిన మే నెలలో 580 చూపించింది. మంజీరా వచ్చిన రోజు నేరుగా పట్టిన నీళ్ళు 140.

ఇప్పుడు ఉప్పు లెక్క వేద్దాం. ఇది కంపెనీవాళ్ళు ముందు చెప్పరు. ఫ్లాటుకు రోజుకు 600 లీటర్లు అనుకుంటే మీకు 24,000 లీటర్లు. కఠినత్వం 600 అయితే రోజూ 14 కిలోలకు పైగా సున్నాన్ని నీళ్ళలోంచి లాగాలి. పూసలు నిండాక వాటిని ఉప్పునీళ్ళతో కడిగి మళ్ళీ సిద్ధం చేస్తారు. కిలో సున్నానికి దాదాపు మూడు కిలోల ఉప్పు పడుతుంది. అంటే రోజుకు 40 కిలోల చుట్టూ. ఆ ఉప్పంతా ఎక్కడికి పోతోంది? మీ డ్రైనేజీలోకి, అక్కడి నుంచి చెరువులోకి. ఇంకుడుగుంతలోకి మాత్రం పొరపాటున కూడా వదలకండి, మీ బోరు నోట్లో మీరే ఉప్పు పోసినట్టవుతుంది.

కఠినత్వాన్ని సున్నాకి దించాలని పట్టు పట్టకండి. బైపాస్ వాల్వ్ కాస్త తెరిచి, మెత్తబడిన నీళ్ళలో మూడో వంతు బోరు నీళ్ళు కలిపి 200 దగ్గర ఆపండి. ఉప్పులో మూడో వంతు అక్కడే మిగులుతుంది. పూర్తిగా మెత్తబడిన నీళ్ళతో స్నానం చేస్తే ఎంత కడిగినా సబ్బు వదలనట్టు జారుడుగా ఉంటుంది, అదో కొత్త ఫిర్యాదు. మంజీరా నీళ్ళు వచ్చిన రోజు వాటిని విడిగా పట్టుకునే ఏర్పాటుంటే ఇంకా మంచిది. మీ సంపులో గోడ కట్టగలరా అని మేస్త్రీని అడగండి.

గ్రూపులో పెట్టాల్సిన మాటలు ఇంకో రెండున్నాయి. సాఫ్ట్‌నర్ నీళ్ళను అలాగే తాగకూడదు, ముఖ్యంగా బీపీ ఉన్నవాళ్ళు. 600 కఠినత్వం మొత్తం తీసేస్తే లీటరుకు 275 మిల్లీగ్రాముల దాకా సోడియం కలుస్తుంది. రోజంతటికీ రెండు గ్రాములకు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. రెండు లీటర్లు తాగితే అందులో నాలుగో వంతు నీళ్ళలోనే వచ్చేసింది. తర్వాత ఆర్‌ఓ ఉంటే భయం లేదు, సోడియంను అది చాలావరకు ఆపేస్తుంది. రెండోది, తులసి కోటలో ఆ నీళ్ళు పోయకండి. సోడియం మట్టిని బిగదీసేస్తుంది. మా కింది ఫ్లాటావిడ తులసి రెండుసార్లు ఎండిపోతే దిష్టి తగిలిందనుకుంది.

ప్రశ్న: నేను అమీర్‌పేటలో హాస్టల్‌లో ఉండి కోచింగ్ తీసుకుంటున్నాను. వచ్చిన నాలుగు నెలల్లో జుట్టు సగం ఊడిపోయింది. అందరూ బోరు నీళ్ళ వల్లే అంటున్నారు. మినరల్ వాటర్‌తో తలంటుకోమని ఒకరు, షవర్ ఫిల్టర్ కొనమని ఒకరు చెబుతున్నారు.
– ఓ విద్యార్థిని, ఒంగోలు నుంచి వచ్చినది

జవాబు: తల్లీ, నీళ్ళు చేసేదొకటి, చేయనిదొకటి ఉన్నాయి. కఠిన జలంలోని కాల్షియం వెంట్రుక పైపొర మీద పేరుకుంటుంది. జుట్టు పీచులా తయారై, చిక్కులు పడి, దువ్వితే మధ్యలో తెగుతుంది. కుదుళ్ళతో సహా రాలిపోయేలా మాత్రం నీళ్ళు చేస్తాయనడానికి గట్టి ఆధారం లేదు. దువ్వెనలో వచ్చిన వెంట్రుకలు తీసి చూడు. పొట్టి ముక్కలైతే నీళ్ళ పని. పొడుగ్గా, చివర తెల్లటి చిన్న గుబ్బతో వస్తుంటే నీళ్ళను వదిలేసి నిద్ర, తిండి, రక్తహీనత సంగతి చూసుకో. ఒంగోలు బోరు నీళ్ళేమైనా తియ్యగా ఉండేవా? అక్కడ మీ అమ్మ చేతి అన్నం ఉండేది, పరీక్ష భయం ఉండేది కాదు. హిమోగ్లోబిన్ పరీక్ష ఒక్కటి చేయించుకో.

జుట్టు పీచుబారడానికి మన కుంకుడుకాయే మంచి మందు. సబ్బు కాల్షియంతో కలిసిందంటే విరిగి, కరగని జిడ్డుముద్దగా తలకు అంటుకుంటుంది. కుంకుడులో నురగ తెచ్చేవి సపోనిన్లు, వాటికి కాల్షియంతో ఆ గొడవ లేదు, అందుకే ఎంత ఉప్పునీళ్ళలోనైనా నురగ వస్తుంది. పైగా కుంకుడు రసం కాస్త పులుపు, పేరుకున్న సున్నాన్ని కొంచెం వదిలిస్తుంది. హాస్టల్‌లో కుంకుళ్ళు కొట్టుకోవడం కుదరదంటావా, అయితే మామూలు షాంపూ చాలు, అది సబ్బు కాదు. చివరి చెంబులో అర నిమ్మచెక్క పిండుకో. షవర్‌కి తగిలించే ఆ చిన్న ఫిల్టర్ అంత వేగంగా పారే నీళ్ళలోంచి అంత సున్నాన్ని ఎన్ని రోజులు పట్టి ఆపగలదు? పైన సెక్రటరీ గారి ఉప్పు లెక్క చూశావుగా. ఆ డబ్బులతో గుడ్లు, పల్లీపట్టీలు కొనుక్కో.

ప్రశ్న: మూడేళ్ళలో రెండు గీజర్లు పోయాయి. నీళ్ళు బాగా మరగాలని థర్మోస్టాట్ పూర్తిగా తిప్పి పెడతాం. ఏదైనా మార్గం చెప్పండి.
– మియాపూర్ పాఠకుడు

జవాబు: మార్గం మీరే రాశారు. ఆ బిరడా వెనక్కి తిప్పండి. పంచదార వేడిలో బాగా కరుగుతుంది. సున్నం దానికి పూర్తిగా తిరుగుడు, నీళ్ళు వేడెక్కేకొద్దీ కరిగి ఉండలేక బయటపడి గార కడుతుంది. అదీ అన్నిటికంటే వేడిగా ఉన్న చోట, అంటే సరిగ్గా మీ కాయిల్ మీదే. ఇంటికి రోజుకు 100 లీటర్ల వేడినీళ్ళు, అందులో లీటరుకు 300 మిల్లీగ్రాముల బైకార్బనేట్ కఠినత్వం అనుకోండి. దాంట్లో పదో వంతు గార కట్టినా ఏడాదికి కిలో పైనే. పళ్ళకు పట్టిన గార లాగే ఇదీ, ముదిరాక గోకితే కానీ రాదు. కాయిల్ మీద ఆ దుప్పటి కప్పుకున్నాక వేడి నీళ్ళలోకి దిగదు, లోపలే కాగి కాయిల్ కాలిపోతుంది.

55 నుంచి 60 డిగ్రీల మధ్య పెట్టండి. ఏడాదికోసారి, మీ నీళ్ళు మరీ మొండివైతే ఆరు నెలలకోసారి, మనిషిని పిలిచి విప్పించి గార తీయించండి. అప్పుడే లోపలి మెగ్నీషియం రాడ్ ఎంత మిగిలిందో చూడమనండి. ట్యాంకు తుప్పు పట్టకుండా తనే కరిగిపోవడం దాని ఉద్యోగం. అది అయిపోయాక ట్యాంకు మొదలవుతుంది.

వాషింగ్ మెషీన్‌దీ ఇదే కథ. మా మెషీన్ నీళ్ళు కాగడం మానేస్తే సర్వీసు కుర్రాడొచ్చి బోర్డు పోయిందన్నాడు. కొత్త బోర్డు వేశాక కూడా కాగలేదు. రెండోసారి వచ్చినవాడు హీటర్ బయటికి లాగితే దాని నిండా పిండి వడియాలు పెట్టినట్టుంది. బోర్డు డబ్బులు తిరిగివ్వలేదు, అది వేరే సంగతి. అప్పటినుంచి నెలకోసారి ఖాళీ మెషీన్‌లో నాలుగైదు చెంచాల నిమ్మఉప్పు వేసి వేడినీళ్ళ మీద తిప్పుతున్నాను. బట్టలకైతే పౌడర్ పాకెట్ మీద కఠిన జలానికి ఎంతని రాశారో అంతే వెయ్యండి. ఇంకా తెల్లపొడి మిగులుతుంటే ఒక చెంచా బట్టల సోడా ముందు వెయ్యండి. పూర్వం చాకిరేవులో చౌడుమట్టితో ఉతికేవాళ్ళు. అందులో ఉన్నదీ ఇదే సోడా.

ప్రశ్న: కుళాయిల మీద, టైల్స్ మీద తెల్ల మరకలకు వీధిలో అమ్మే యాసిడ్ వాడుతున్నాం. మరకలు పోతున్నాయి, కుళాయిల మెరుపూ పోతోంది.
– కేపీహెచ్‌బీ నుంచి

జవాబు: మెరుపు పోతే పోయింది, మీరు జాగ్రత్త. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. అదీ బ్లీచింగ్ పౌడరూ, లేదా అదీ బాత్‌రూమ్ బ్లీచూ ఒకే గదిలో కలిశాయంటే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపు వేసుకుని కడిగేవాళ్ళు ఆసుపత్రికి వెళ్ళాల్సొస్తుంది. పనమ్మాయికి కూడా ఈ మాట చెప్పండి, సాధారణంగా ఆ గదిలో ఉండేది తనే.

లీటరు గోరువెచ్చని నీళ్ళలో రెండు మూడు చెంచాల నిమ్మఉప్పు కలిపి, పాతగుడ్డ ముంచి కుళాయికి చుట్టి అరగంట ఉంచండి. చిన్న చిన్న బుడగలొస్తే పని జరుగుతున్నట్టే. షవర్ తలను విప్పి రాత్రంతా అందులో నానేయొచ్చు. కానీ ఇంట్లో తాండూరు బండలో, షాబాద్ బండలో, పాలరాయో ఉంటే వాటి మీద ఈ నీళ్ళు చుక్క పడనివ్వకండి. అవన్నీ సున్నపురాయి జాతే. మరకా సున్నమే, బండా సున్నమే, పులుపు రెండింటినీ తినేస్తుంది.

ప్రశ్న: ఈ నీళ్ళు తాగితే కిడ్నీలో రాళ్ళు వస్తాయా?
– పదకొండు మంది అడిగారు

జవాబు: గిన్నెలో గార కట్టింది కాబట్టి కడుపులోనూ కడుతుందని మనసుకు తోస్తుంది. ఒళ్ళు కెటిల్ కాదు. కఠినత్వానికి ఆరోగ్యం దృష్ట్యా హద్దంటూ ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టలేదు. మన ఎండల్లో రాళ్ళకు పెద్ద కారణం నీళ్ళు చాలినన్ని తాగకపోవడం. ఉప్పునీళ్ళని రుచి నచ్చక తక్కువ తాగుతుంటే అప్పుడు మాత్రం ఆ నేరం నీళ్ళ మీద వెయ్యొచ్చు. ఇప్పటికే రాళ్ళున్నవాళ్ళు డాక్టర్ మాట వినండి, నా మాట కాదు.

అసలు భయపడాల్సింది కంటికి కనిపించని ఫ్లోరైడ్ గురించి. తెల్ల మరక చూసి ఫ్లోరైడ్ అనుకున్నవాళ్ళు నలుగురున్నారు. ఫ్లోరైడ్ కుళాయి మీద మరకా వెయ్యదు, రుచీ చెప్పదు. లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే ఒకటిన్నర. బోరు నీళ్ళు తాగేవాళ్ళు ఒక్కసారైనా పరీక్ష చేయించండి. సాఫ్ట్‌నర్ దాన్ని తీయదు, మరిగిస్తే పోదు.

ప్రశ్న: మా అమ్మాయి ఇంగ్లండ్‌లో రీడింగ్‌లో ఉంటుంది. పురిటికి వెళ్ళి ఆర్నెల్లున్నాను. టీ పెడితే పైన నూనె తెట్టులా ఏదో పొర! కెటిల్ అడుగున సున్నం. ఇంత గొప్ప దేశంలో కూడా ఇదేనా? మనవడికి ఒంటి మీద ఎగ్జిమా వచ్చింది. సాఫ్ట్‌నర్ పెట్టించమంటారా?
– ఓ అమ్మమ్మ, ప్రస్తుతం విజయవాడ

జవాబు: ఆ ఊరి కింద ఉన్నది సుద్దరాయండీ, మన గ్రానైట్ కంటే సున్నం సులువుగా కరిగేది. ఆగ్నేయ ఇంగ్లండ్ చాలావరకు అంతే. టీ మీద పొర నూనె కాదు, టీలోని పదార్థాలూ నీళ్ళలోని కాల్షియమూ కలిసి కట్టిన మీగడ. నిమ్మచెక్క పిండితే కట్టదు, పాల టీలో ఎలాగూ పిండలేం.

మనవడి సంగతి. ఇంగ్లండ్‌లోనే ఎగ్జిమా ఉన్న 336 మంది పిల్లల మీద సాఫ్ట్‌నర్ పెట్టి పరీక్షించారు, ఫలితాలు 2011లో వచ్చాయి. మామూలు చికిత్సకు సాఫ్ట్‌నర్ తోడైనా అదనపు మేలేమీ కనపడలేదు. కాబట్టి ఆ డబ్బు దాచమనండి. సబ్బు తగ్గించి, డాక్టర్ రాసిన క్రీము స్నానమవ్వగానే రాయమనండి.

ప్రశ్న: పైపుకి అయస్కాంతం బిగిస్తే నీళ్ళు మెత్తబడతాయని ఒకాయన డెమో ఇచ్చాడు. కొనమంటారా?
– బాచుపల్లి

జవాబు: డ్రాప్ కిట్ తీసుకుని అయస్కాంతానికి ముందు ఎన్ని చుక్కలు, తర్వాత ఎన్ని చుక్కలు అని ఆయన ముందే వేసి చూపించండి. "ఇది కఠినత్వాన్ని తీయదండీ, స్వభావాన్ని మారుస్తుంది" అంటాడు. అప్పుడు డబ్బు ఇచ్చే మీ స్వభావాన్ని కూడా మార్చుకోండి.

దానికంటే మీ డాబా మీద పడే వాన మేలు. వంద చదరపు మీటర్ల డాబా, మన ఊళ్ళో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన. లెక్కకు 80,000 లీటర్లు. సున్నం దాదాపు లేని నీళ్ళవి. తొలకరి మురికి వదిలేసి, వడగట్టి సంపులోకి మళ్ళిస్తే ఆ నాలుగు నెలలూ మీ గీజర్ ఊపిరి పీల్చుకుంటుంది.

ప్రశ్న: అమ్మాయీ, నాకు ఎనభై రెండేళ్ళు. మా రోజుల్లో బురదనీళ్ళ బిందెలో చిల్లగింజ అరగదీసి వేసేవాళ్ళం, తెల్లారేసరికి అద్దంలా తేరేవి. మా మనవడి ఇంట్లో ఉప్పునీళ్ళకి కూడా వేస్తే మంచినీళ్ళవుతాయా? ఎవరూ నా మాట పట్టించుకోవట్లేదు.
– ఓ పెద్దాయన, అద్దంకి నుంచి కూకట్‌పల్లి వచ్చినవారు

జవాబు: బాబాయిగారూ, చిల్లగింజ పనిచేసేది నీళ్ళలో తేలాడే మట్టి మీద. ఆ రేణువులను ఒకచోటికి చేర్చి బరువెక్కించి అడుక్కి దింపుతుంది. మీ మనవడి ఇంట్లో సున్నం తేలాడట్లేదు, కరిగిపోయి ఉంది. ఉప్పు కరిగిన నీళ్ళను ఎంతసేపు నిలవుంచినా ఉప్పు అడుక్కి దిగదు కదా, అలాంటిదే ఇది. చిల్లగింజకు అందదు.

మీరు రాసింది చదివాక మా అమ్మమ్మగారి ఊరు గుర్తొచ్చింది. అక్కడ రెండు బావులుండేవి. ఒకటి వాడుకనీళ్ళ బావి, పెరట్లోనే. రెండోది మంచినీళ్ళ బావి, ఊరి చివర చెరువుగట్టు కింద. పప్పుకీ తాగడానికీ ఆ దూరపు బావి నీళ్ళే, అమ్మమ్మ రెండు బిందెలు మోసుకొచ్చేది. గిన్నెలు తోమడానికి పెరటి నీళ్ళు. పొరపాటున పెరటి నీళ్ళు ఎసట్లో పోస్తే తిట్లు పడేవి. నేను కాలేజీలో చేరి కారణం చదువుకుని వచ్చి చెబితే, "బావి రుచి చూస్తే తెలిసేదానికి అంత చదువెందుకే?" అంది.

ఈ ఊళ్ళో చిల్లగింజ ఎక్కడ అమ్ముతారో నాకు దొరకలేదు. మీ దగ్గర ఉంటే పత్రిక చిరునామాకు రెండు పంపండి. వానాకాలంలో ట్యాంకర్ నీళ్ళు ఎర్రగా వచ్చిన రోజు వేసి చూసి, ఎలా తేరాయో ఈ పేజీలోనే రాస్తాను.